నాలుగు చేతులు కావాలి

ఆదివారం పొద్దున్నే మెరీనా ఒడ్డున
పాత బండ్లు వరసగా నిలబెట్టి
ఒకరి ఇంజను ఒకరు తొంగి చూసుకుంటూ
కాఫీ చల్లారబెట్టుకునే బాబుల్లారా,
మీలో ఇద్దరమ్మాయిలూ ఉన్నారు, చూశాను,
మీతో ఒక్క మాట.

నా పేరు కనకాంగి.
పెరంబూరులో ముప్పై ఆరేళ్ళు కాన్పులు చేశాను.
నాకొక స్టాండర్డ్ హెరాల్డు ఉంది.
ఉంది అంటే,
వర్దా తుఫాను నాడు నిద్రగన్నేరు దాని మీద పడుకుంది.
అంతవరకూ దాని ఒంటికి ఎండ తగలనివ్వని చెట్టే.
కార్పొరేషన్ వాళ్ళు రంపాలతో వచ్చి
చెట్టును ముక్కలుగా తీసుకుపోయారు.
కింద ఉన్నదాన్ని నాకు వదిలేశారు.

దెబ్బలు దాచను.
ముందు భాగమంతా ఒకే మూత కదా దీనికి,
మొసలి నోరు తెరిచినట్టు లేచేది,
ఇప్పుడు అప్పడం.
ఎడమ దీపం లేదు.
కుడిది ఉంది గానీ ఆకాశంలోకి చూస్తోంది.
ముందద్దం పొడి ఇంకా సీటు సందుల్లో ఉంది,
పోయిన వారం కూడా వేలికి గుచ్చుకుంది.
ఛాసిస్ తుప్పు, రెండు చోట్ల బొటనవేలు దూరేంత.

ఇంజను మాత్రం పట్టెయ్యలేదు.
మూత ఒక మూల గునపంతో ఎత్తించి పెట్టుకున్నాను.
ప్రతి శుక్రవారం ప్లగ్గులు విప్పి
చెంచాడు కుట్టుమిషను నూనె పోసి
ఫ్యాను పట్టుకుని అరచుట్టు తిప్పుతాను.
డెబ్బై ఏడేళ్ళ భుజం, అంతకన్నా తిరగదు.
లోపల పిస్టను కదిలిన చప్పుడుకి
కడుపు మీద గొట్టం ఆన్చి విన్నట్టు
ఊపిరి బిగబట్టుకుంటాను.

పుదుప్పేట వెళ్ళాను.
"హెరాల్డా? ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చారమ్మా"
అన్నాడు గనీబాయ్, టీ తెప్పించి.
ఊరికే ఒక తలుపు పిడి ఇచ్చాడు.
అది గెజెల్‌ది, సరిపోలేదు.
తిరిగివ్వబుద్ధి కాలేదు.

సినిమా వాళ్ళొచ్చారు.
పేల్చడానికట. రేటు మంచిదే.
"లోపల బొమ్మనే కూర్చోబెడతాం ఆంటీ"
అన్నాడొక కుర్రాడు, ఓదార్పుగా.

గొడుగు తిప్పేంత చోటులో తిరిగేదిది.
అందుకే కొన్నాను. మా సందులు మీకు తెలియవు.
ఒక రాత్రి వ్యాసర్‌పాడి సబ్‌వే నిండా నీళ్ళు,
బేసిన్ బ్రిడ్జి మీద లారీలు కదలవు,
వెనక సీట్లో సెల్వమేరి
తలుపు పిడిని పీకేసేలా పట్టుకుని
నన్నూ, మొగుణ్ణీ, వానదేవుణ్ణీ కలిపి తిట్టింది.
టార్చిలైటు పళ్ళతో పట్టుకుని
పిల్లాణ్ణి అందుకున్నాను. మూడు కిలోలు.

వాడే వచ్చాడు పోయిన నెల.
కార్ల షోరూములో మేనేజరిప్పుడు.
చొక్కాకి తుప్పు అంటకుండా చుట్టూ తిరిగి
"తుక్కుకిచ్చేయండమ్మా" అని
కొత్త బండి ధరల కాగితం చేతిలో పెట్టాడు.
నాకేం కోపం రాలేదు.
పుట్టిన మంచం ఎవరికి గుర్తుంటుంది?
వెళుతూ వెళుతూ ఎందుకో
వెనక తలుపు పిడి నొక్కి చూశాడు.
తెరుచుకుంది.
మెల్లగా మూశాడు.

నాకు కావలసింది ఒక బానెట్టు,
ఎక్కడ పడి ఉన్నా, ఏ రంగుదైనా.
ఒక ఎడమ దీపం.
పల్చటి రేకుని కాల్చెయ్యకుండా అతికే మనిషి.
నాలుగు చేతులు, నావి కాక.
పెన్షన్లో నెలకి నాలుగు వేలు తీసి పెడతాను,
మధ్యాహ్నం అన్నం పెడతాను,
కారం తినలేనివాళ్ళు ముందే చెప్పండి.

పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే తెలుపు మాత్రం వెయ్యొద్దు.
వెనక సీటు రెక్సిను మార్చొద్దు.
దాని మీది మరకలు ఎవరెవరివో
నాకు పేర్లతో సహా తెలుసు.
మెరవక్కర్లేదు. నడిస్తే చాలు.
నడవకపోయినా, నా ముందు ఒకసారి దగ్గితే చాలు.

పేపర్ మిల్స్ రోడ్డులో దిగి
కాన్పులమ్మ ఇల్లెక్కడని అడగండి.
మోడు పక్కన నీలం టార్పాలిన్ కనిపిస్తుంది.
మీరై లాగెయ్యకండి, నన్ను పిలవండి.
వెనక సీట్లో పిల్లి ఈనింది, నాలుగు.
ఇంకా కళ్ళు తెరవలేదు.